ఇంజన్ బోరుకొచ్చిందా? కంప్రెషన్ టెస్ట్, లీక్ డౌన్ టెస్ట్‌తో మనమే తేల్చుకోవచ్చు

“ఇంజన్ బోరుకొచ్చింది బాబూ. దింపి ఓవరాలింగ్ చేయాల్సిందే. 45 వేల దాకా అవుద్ది.”

విజయవాడలో మా నాన్న కారు చూసి మెకానిక్ చెప్పిన మాట ఇది. 1.2 లీటర్, నాలుగు సిలిండర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. పదేళ్లు దాటింది, లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. మూడేళ్ల క్రితం బయట సీఎన్‌జీ కిట్ పెట్టించాం. నాన్న రోజూ ఇదే కారులో గన్నవరం దాకా డ్యూటీకి వెళ్లొస్తారు. ఫోన్‌లో నాన్న అడిగింది ఒక్కటే: “చేయించమంటావా, అమ్మేయమంటావా?”

45 వేలంటే ఆ కారు రీసేల్ విలువలో పెద్ద వాటానే. అమ్మేద్దామంటే బోరుకొచ్చిన ఇంజన్ ఉన్న కారుకి ఎవరూ సరైన రేటు ఇవ్వరు. అందుకే “వీకెండ్ వస్తున్నా, అప్పటిదాకా ఏమీ విప్పనివ్వకు” అని చెప్పాను.

బీటెక్‌లో నాది కంప్యూటర్ సైన్స్, మెకానికల్ కాదు. కానీ ఆఫీసులో రోజూ చేసే పని ఒకటి ఇక్కడ పనికొచ్చింది. బగ్ ఎక్కడుందో తెలియకుండా మొత్తం కోడ్ తిరగరాయడానికి ఎవరూ ఒప్పుకోరు. ముందు దాన్ని ఒక ఫంక్షన్ దాకా కుదించాలి. ఇంజన్‌కి కూడా అలాంటి టెస్టులు ఉన్నాయి. కంప్రెషన్ టెస్ట్ ఏ సిలిండర్ ఎంత బలహీనంగా ఉందో చెబుతుంది. లీక్ డౌన్ టెస్ట్ గాలి ఎటు నుంచి పోతోందో చెబుతుంది. ఈ రెండూ చేయకుండా ఓవరాలింగ్‌కి డబ్బులు కట్టకూడదని నాకు ఈ అనుభవంతో అర్థమైంది. ఎలా చేయాలో, నేను ఎక్కడ తప్పు చేశానో, ఏ టూల్ కొనొచ్చో వరసగా చెప్తాను.

అప్పటికి తెలిసిన లక్షణాలు

ఐడిల్‌లో కారు వణుకుతోంది. పికప్ తగ్గింది, మైలేజ్ పడిపోయింది, చెక్ ఇంజన్ లైట్ వెలుగుతోంది. నా బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ పెట్టి చూస్తే పీ0303 అని వచ్చింది. అంటే 3వ సిలిండర్‌లో మిస్‌ఫైర్.

మిస్‌ఫైర్ అనగానే ఇంజన్ పోయినట్టు కాదు. మంట పుట్టడానికి మూడు కావాలి: స్పార్క్, ఇంధనం, కంప్రెషన్. వీటిలో స్పార్క్ చెక్ చేయడం తేలిక. 3వ సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ తీసి 2వ దానికి, 2వ దానిది 3కి మార్చాం. ప్లగ్‌లు కూడా అలాగే మార్చాం. కాయిల్ పాడైతే కోడ్ పీ0302కి మారాలి. మారలేదు. పెట్రోల్ మీద నడిపినా, సీఎన్‌జీ మీద నడిపినా అదే సిలిండర్ మిస్ అవుతోంది. రెండు ఇంధనాలకీ ఇంజెక్టర్లు వేరు కాబట్టి ఇంధనం మీద కూడా అనుమానం తగ్గింది. ఇక మిగిలింది కంప్రెషన్.

మెకానిక్ ఏం చూసి బోరు అన్నాడంటే, ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీశాడు. అందులోంచి పొగ వచ్చింది. “చూడండి, రింగులు అరిగి గ్యాస్ కిందకి కొడుతోంది” అన్నాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ పాత ఇంజన్లలో కాస్త గ్యాస్ రింగులు దాటి కిందకి రావడం మామూలే. దాన్ని బట్టి ఏ సిలిండరో, ఎంత తేడానో చెప్పలేం.

కంప్రెషన్ అంటే ఏంటి?

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ కిందకి దిగుతూ గాలిని లోపలికి పీలుస్తుంది. తర్వాత ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వ్‌లు రెండూ మూసుకుంటాయి, పిస్టన్ పైకి వస్తూ ఆ గాలిని నొక్కుతుంది. ఇదే కంప్రెషన్. బాగా నొక్కిన మిశ్రమానికి నిప్పు అంటుకుంటేనే పిస్టన్‌ని గట్టిగా తోసే బలం వస్తుంది. గాలి ఎక్కడో కారిపోతే ఆ బలం ఉండదు, ఒక్కోసారి అసలు అంటుకోదు.

గాలి కారిపోయే దారులు మూడే:

1. పిస్టన్ రింగులు, సిలిండర్ గోడల మధ్య నుంచి కిందకి, అంటే ఆయిల్ ఉండే క్రాంక్ కేస్‌లోకి.
2. సరిగ్గా మూసుకోని ఇన్‌టేక్ లేదా ఎగ్జాస్ట్ వాల్వ్ నుంచి.
3. హెడ్ గ్యాస్కెట్ నుంచి పక్క సిలిండర్‌లోకి లేదా కూలెంట్ దారిలోకి. హెడ్‌లోనో బ్లాక్‌లోనో పగులు ఉన్నా ఈ రకంలోకే వస్తుంది.

మొదటిదైతే ఇంజన్ దింపాలి. రెండోదైతే చాలాసార్లు పైనున్న హెడ్ పనితో పోతుంది. మూడోదైతే హెడ్ తీసి గ్యాస్కెట్ మార్చాలి. ఖర్చులో ఎంత తేడా ఉంటుందో మీకే తెలుసు. అందుకే గాలి ఏ దారిలో పోతోందన్నది తేలాలి.

ఇక్కడ చాలామందికి వచ్చే డౌట్ ఒకటి. సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం 14.7 పీఎస్ఐ. కంప్రెషన్ రేషియో 10:1 అయితే 147 రావాలి కదా, మరి మంచి ఇంజన్‌లో 170, 180 ఎలా వస్తుంది? గాలిని నొక్కితే వేడెక్కుతుంది, వేడితో పీడనం ఇంకా పెరుగుతుంది. వేడి బయటకి పోకుండా, కొంచెం కూడా లీక్ లేకుండా ఉంటే లెక్క ప్రకారం 250 దాటాలి. కానీ పిస్టన్ పైకి రావడం మొదలుపెట్టాక గానీ ఇన్‌టేక్ వాల్వ్ పూర్తిగా మూసుకోదు. పైగా సిలిండర్ గోడలు వేడిని లాగేస్తాయి. అందుకే చాలా పెట్రోల్ కార్లలో రీడింగ్ సుమారు 150 నుంచి 200 మధ్య ఉంటుంది. కచ్చితమైన నంబర్ మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో చూడాలి, రేషియో పట్టి లెక్కేసుకోకూడదు.

ఊరి ఎత్తు కూడా నంబర్‌ని మారుస్తుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పీడనం విశాఖ, విజయవాడ కంటే సుమారు 6 శాతం తక్కువ. అదే ఇంజన్ విజయవాడలో 170 చూపిస్తే హైదరాబాద్‌లో 160 దగ్గర చూపించొచ్చు. ఇంజన్‌కి ఏమీ కాలేదు, గాలే పలచన.

ఏమేం కావాలి?

* కంప్రెషన్ గేజ్: 300 పీఎస్ఐ స్కేల్, మరలా బిగించే రకం. రబ్బరు కోన్‌ని చేత్తో నొక్కి పట్టుకునే రకం వద్దు, చెయ్యి కదిలితే రీడింగ్ మారుతుంది. ప్లగ్ మరలు 14, 12, 10 మిల్లీమీటర్లలో ఉంటాయి కాబట్టి అడాప్టర్లు ఉన్న కిట్ చూసుకోండి. నాకు 1,400 రూపాయలు పడింది.
* ప్లగ్ సాకెట్, రాట్చెట్, ఎక్స్‌టెన్షన్.
* ఫుల్ చార్జ్ ఉన్న బ్యాటరీ. దీని సంగతి కింద చెప్తాను.
* ఇంకో మనిషి. ఒకరు సెల్ఫ్ కొట్టాలి, ఒకరు గేజ్ చూడాలి. నాకు నాన్న ఉన్నారు.
* మీ ఫోన్. గేజ్ ముందు పెట్టి వీడియో తీయండి. ముల్లు ఎన్ని గెంతుల్లో ఎక్కడికి వెళ్లిందో తర్వాత స్లోగా చూసుకోవచ్చు. ముల్లు మొదటి గెంతులో ఎంతకి వెళ్లిందో కంటితో పట్టుకోవడం కష్టం.

టెస్ట్ చేసే పద్ధతి

1. ఇంజన్‌ని మామూలు టెంపరేచర్‌కి వచ్చేదాకా నడపండి. ఆపి పది, పదిహేను నిమిషాలు ఆగండి. అల్యూమినియం హెడ్ మరీ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్ తిప్పితే మరలు దెబ్బతింటాయి. గోరువెచ్చగా ఉంటే చాలు.
2. ఇంధనం ఆపండి. ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ లేదా రిలే తీసేయండి, ఇంజెక్టర్ కనెక్టర్లు కూడా పీకండి. సీఎన్‌జీ ఉంటే సిలిండర్ దగ్గరున్న వాల్వ్ చేత్తో మూసేయండి, స్విచ్ పెట్రోల్ మీద పెట్టండి. ఇది కచ్చితంగా చేయాలి. ప్లగ్ హోల్స్ తెరిచి ఉన్నప్పుడు ఇంధనం బయటికొస్తే మంటలు రావచ్చు.
3. కాయిల్స్ కనెక్టర్లు తీసి కాయిల్స్ పక్కన పెట్టండి. ఏ సిలిండర్‌ది ఏదో టేప్ అంటించి నంబర్ రాయండి.
4. ప్లగ్ గుంతల్లో ఉన్న దుమ్ము గాలితో ఊదేయండి. లేకపోతే ప్లగ్ తీయగానే అది సిలిండర్‌లో పడుతుంది.
5. ప్లగ్‌లు అన్నీ తీయండి. ఒక్కటే తీసి కొలిస్తే మిగతా మూడు సిలిండర్ల బరువు సెల్ఫ్ మోటర్ మీద పడి ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది.
6. గేజ్‌ని 1వ సిలిండర్‌కి చేత్తోనే బిగించండి.
7. గేర్ న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ ఆన్. యాక్సిలరేటర్ నేలకి తాకేదాకా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. ముల్లు పెరగడం ఆగేదాకా, అంటే ఐదారు గెంతులు.
8. మొదటి గెంతు రీడింగ్, చివరి రీడింగ్ రెండూ రాయండి. గేజ్‌లో గాలి వదిలేసి తర్వాతి సిలిండర్‌కి వెళ్లండి. అన్నిటికీ గెంతుల సంఖ్య ఒకటే ఉండాలి.

డీజిల్ కారు ఉన్నవాళ్లు ఈ పద్ధతిని అలాగే వాడకండి. డీజిల్ ఇంజన్లలో కంప్రెషన్ 350, 400 పీఎస్ఐ పైనే ఉంటుంది. పెట్రోల్ గేజ్ తట్టుకోదు. వాటి కిట్ వేరు.

నేను చేసిన తప్పు

శనివారం పొద్దున చేసిన మొదటి టెస్ట్‌లో నాకొచ్చిన రీడింగులు ఇవి:

1వ సిలిండర్: 110
2వ సిలిండర్: 105
3వ సిలిండర్: 70
4వ సిలిండర్: 100

చూడగానే గుండె జారిపోయింది. ఒక్క 3వదే కాదు, నాలుగూ పోయాయి అనిపించింది. “మెకానిక్ చెప్పింది నిజమే నాన్నా” అనేశాను కూడా. నాన్న ఏమీ అనకుండా టీ తేవడానికి లోపలికి వెళ్లారు.

తర్వాత ఫోన్‌లో వీడియో మళ్లీ చూస్తే రెండు విషయాలు దొరికాయి. ఒకటి, నాన్న సెల్ఫ్ కొట్టారు గానీ యాక్సిలరేటర్ తొక్కలేదు. నేను చెప్పడం మర్చిపోయాను. యాక్సిలరేటర్ తొక్కకపోతే థ్రాటిల్ దాదాపు మూసే ఉంటుంది. సిలిండర్‌లోకి వచ్చే గాలే తక్కువ, ఇక నొక్కడానికి ఏముంటుంది? రెండు, సెల్ఫ్ శబ్దం 4వ సిలిండర్‌కి వచ్చేసరికి ఈడ్చినట్టు వినిపిస్తోంది. రెండు వారాలుగా కారు సరిగ్గా తిరగక బ్యాటరీ వీక్‌గా ఉంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే లీక్ కావడానికి గాలికి టైం ఎక్కువ దొరుకుతుంది, రీడింగ్ తగ్గుతుంది.

బ్యాటరీ చార్జ్ చేసి, సాయంత్రం మళ్లీ ఇంజన్ వేడి చేసి, ఈసారి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి కొలిచాను:

1వ సిలిండర్: మొదటి గెంతు 90, చివరికి 170
2వ సిలిండర్: మొదటి గెంతు 90, చివరికి 165
3వ సిలిండర్: మొదటి గెంతు 55, చివరికి 105
4వ సిలిండర్: మొదటి గెంతు 90, చివరికి 170

మూడు సిలిండర్లు ఆరోగ్యంగా ఉన్నాయి. జబ్బు ఒక్కదానికే. అన్ని సిలిండర్లూ ఒకే రకంగా తక్కువ చూపిస్తే ఇంజన్‌ని అనుమానించే ముందు టెస్ట్‌ని అనుమానించాలి. థ్రాటిల్, బ్యాటరీ, గేజ్ బిగింపు ఈ మూడూ చూసి మళ్లీ కొలవాలి. అవన్నీ సరిగ్గా ఉన్నా తక్కువే వస్తే అప్పుడు టైమింగ్ బెల్ట్ లేదా చెయిన్ ఒక పన్ను జారిందేమో చూడాలి. వాల్వ్‌లు తప్పు టైంలో మూసుకున్నా నాలుగూ కలిసే పడిపోతాయి.

నంబర్లు ఎలా చదవాలి?

ఎక్కువగా వాడే లెక్క ఏంటంటే, అన్నిటికంటే తక్కువ సిలిండర్, అన్నిటికంటే ఎక్కువ దానిలో కనీసం 75 శాతం ఉండాలి. తేడా 10 శాతం లోపు ఉంటే చాలా బాగున్నట్టు. మా కారులో 170కి 105, అంటే 62 శాతం. ఫెయిల్.

మొదటి గెంతు కూడా ఒక క్లూ ఇస్తుంది. రింగులు అరిగితే మొదటి గెంతు తక్కువగా ఉండి తర్వాత నెమ్మదిగా పెరుగుతూ పోతుంది, కానీ నార్మల్‌ని అందుకోదు. వాల్వ్ లీక్ అయితే మొదట్లోనూ తక్కువే, తర్వాత కూడా పెద్దగా పెరగదు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు రెండూ బాగా తక్కువ చూపిస్తే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయిందని గట్టి అనుమానం. మామూలు కంటే బాగా ఎక్కువ వస్తే లోపల కార్బన్ పేరుకుని ఉండొచ్చు. ఇవి సూచనలు మాత్రమే, తీర్పు కాదు.

వెట్ టెస్ట్: ఒక చెంచా ఆయిల్

తక్కువ వచ్చిన సిలిండర్‌లో ప్లగ్ హోల్ నుంచి ఒక టీస్పూన్, అంటే 5 మిల్లీలీటర్లు ఇంజన్ ఆయిల్ వేసి మళ్లీ కొలవాలి. ఆయిల్ పిస్టన్ చుట్టూ చేరి రింగుల సందుల్ని కాసేపు మూస్తుంది. రీడింగ్ బాగా పెరిగితే లీక్ రింగుల దగ్గర. పెరగకపోతే వాల్వ్ లేదా గ్యాస్కెట్. ఎక్కువ ఆయిల్ పోయకండి. ద్రవం నొక్కుడుపడదు, పిస్టన్ పైకి వచ్చేటప్పుడు దానికి చోటు లేకపోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అదే కారణంతో డీజిల్ ఇంజన్లలో వెట్ టెస్ట్ చేయకూడదు. వాటిలో పైన ఖాళీ చాలా తక్కువ, పైగా ఆ ఆయిలే అంటుకోవచ్చు.

మా 3వ సిలిండర్ 105 నుంచి 112కి వచ్చింది, అంతే. ఎంత మంచి సిలిండర్‌లో వేసినా ఆ మాత్రం పెరుగుతుంది. అంటే రింగులు కాదు. బోరు అన్న మాటకి ఇది మొదటి ఎదురుదెబ్బ. కానీ దీని మీద ఆధారపడి నేను మెకానిక్‌తో వాదించలేను. గాలి ఎటు పోతోందో చూపించాలి.

లీక్ డౌన్ టెస్ట్: గాలి ఎటు పోతోంది?

కంప్రెషన్ టెస్ట్‌లో ఇంజన్ తిరుగుతూ గాలిని నొక్కుతుంది. లీక్ డౌన్ టెస్ట్‌లో ఇంజన్ కదలదు, మనమే బయటి నుంచి గాలి ఎక్కించి ఎంత కారిపోతుందో కొలుస్తాం. టెస్టర్‌లో రెండు గేజులు, వాటి మధ్య కొలిచి వేసిన ఒక సన్నటి రంధ్రం ఉంటాయి. మొదటి గేజ్ మనం ఇచ్చే పీడనం, రెండోది సిలిండర్‌లో నిలిచిన పీడనం చూపిస్తుంది. 100 ఇచ్చి 90 నిలిస్తే లీక్ 10 శాతం. చిన్న విమానాల పిస్టన్ ఇంజన్లకి ఇన్‌స్పెక్షన్లలో చేసేది ఇదే టెస్ట్. అక్కడ 80 పీఎస్ఐ ఇచ్చి, నిలిచినదాన్ని 72/80 లాగా లాగ్‌బుక్‌లో రాస్తారు.

టెస్టర్ 3 వేలు దాటింది. దీనికి ఎయిర్ కంప్రెసర్ కావాలి, అది ఇంట్లో ఉండదు. మా వీధి చివర పంక్చర్ షాప్ ఉంది. ఆ బాబాయ్‌ని అడిగితే “టైర్‌కి కాకుండా ఇంజన్‌కి గాలి కొట్టించుకునేవాణ్ని నిన్నే చూస్తున్నారా” అని నవ్వి, షాప్ ముందు చోటిచ్చాడు. కారు అక్కడిదాకా నడపడంతో ఇంజన్ కూడా వేడెక్కింది.

పద్ధతి ఇలా:

1. టెస్ట్ చేయబోయే సిలిండర్ పిస్టన్ కంప్రెషన్ స్ట్రోక్‌లో పైకి వచ్చి ఉండాలి. అప్పుడే రెండు వాల్వ్‌లూ మూసి ఉంటాయి. క్రాంక్ పుల్లీ బోల్ట్‌ని పానాతో ఇంజన్ మామూలుగా తిరిగే దిశలోనే తిప్పండి. ప్లగ్ హోల్ మీద వేలు పెడితే గాలి బయటకి తోస్తుంటే అది కంప్రెషన్ స్ట్రోక్.
2. ప్లగ్ హోల్‌లో పొడవాటి ప్లాస్టిక్ స్ట్రా పెట్టండి. పిస్టన్‌తోపాటు పైకి లేస్తుంది. లేవడం ఆగి, దిగబోయే చోట ఆపండి. స్ట్రా తీసేయండి.
3. పానా తీసేయండి. ఇది ముఖ్యం. పిస్టన్ సరిగ్గా పైన లేకపోతే గాలి ఇవ్వగానే ఇంజన్ ఒక్కసారిగా తిరుగుతుంది. పుల్లీ మీద పానా ఉంటే అది మీ చేతికో మొహానికో తగులుతుంది. బెల్టుల దగ్గర చేతులు పెట్టకండి.
4. గాలి నెమ్మదిగా పెంచి 100 పీఎస్ఐకి తెచ్చి, రెండో గేజ్ చూడండి.
5. ఇప్పుడు చెవి పెట్టండి.

వినాల్సిన చోట్లు నాలుగు. ఎయిర్ ఫిల్టర్ గొట్టం దగ్గర బుస్స్ అంటే ఇన్‌టేక్ వాల్వ్. సైలెన్సర్ దగ్గరైతే ఎగ్జాస్ట్ వాల్వ్. ఆయిల్ పోసే మూత లేదా డిప్ స్టిక్ దగ్గరైతే రింగులు. రేడియేటర్‌లో బుడగలు వస్తే, లేదా పక్క ప్లగ్ హోల్ నుంచి గాలి వస్తే, హెడ్ గ్యాస్కెట్. రేడియేటర్ మూత మాత్రం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, టెస్ట్ మొత్తం మొదలుపెట్టకముందే తీసి ఉంచుకోవాలి. వేడి మీద తీస్తే కాలుతుంది. మాకు బుడగలు చూడాల్సిన అవసరం రాలేదు కాబట్టి దాని జోలికి పోలేదు.

మా రీడింగులు: 1వది 8 శాతం, 2వది 10, 4వది 9. మామూలుగా 10 శాతం లోపు బాగున్నట్టు, 20 దాకా పర్వాలేదు, అంతకు మించితే వెతకాలి. 3వ సిలిండర్ 42 శాతం.

ఆయిల్ మూత దగ్గర చెవి పెట్టాను. ఏమీ లేదు, అన్ని సిలిండర్లకీ ఉన్న సన్నటి గాలే. ఎయిర్ ఫిల్టర్ దగ్గర నిశ్శబ్దం. వెనక నుంచి నాన్న పిలిచారు: “ఇటు రా రా, సైలెన్సర్‌లో పాము బుసకొడుతున్నట్టుంది!”

ఎగ్జాస్ట్ వాల్వ్.

మరి వాల్వ్ ఎందుకు మూసుకోలేదు?

600 రూపాయల టైప్ సీ ఎండోస్కోప్ కెమెరాని ఫోన్‌కి పెట్టి ప్లగ్ హోల్‌లోంచి చూశాను. సిలిండర్ గోడల మీద లోతైన గీతలు లేవు. వాల్వ్ అంచు కాలి విరిగిన జాడ కూడా కనిపించలేదు. పక్కలకి వంగే మొన లేని చవక కెమెరా కాబట్టి వాల్వ్ కూర్చునే సీటు మాత్రం పూర్తిగా కనపడలేదు.

మర్నాడు పొద్దున ఇంజన్ పూర్తిగా చల్లారాక రాకర్ కవర్ తీయించి ట్యాపెట్ గ్యాప్ కొలిపించాం. ఈ ఇంజన్‌కి ఎగ్జాస్ట్ వైపు గ్యాప్ 0.30 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. 3వ సిలిండర్‌లో ఫీలర్ గేజ్‌లోని అతి పలచటి 0.05 బ్లేడ్ కూడా దూరలేదు. మిగతా వాటిలోనూ 0.15, 0.20 మాత్రమే ఉంది. అంటే రాకర్ ఆ వాల్వ్‌ని ఎప్పుడూ కొంచెం నొక్కే ఉంచుతోంది. తలుపు గడియ పడకుండా మధ్యలో కాలు పెట్టినట్టు.

గ్యాప్ ఎక్కడికి పోయింది? సీఎన్‌జీ పొడి ఇంధనం. పెట్రోల్ మండినప్పుడు వాల్వ్‌కీ సీటుకీ మధ్య కుషన్‌లా ఏర్పడే పలచటి పొర దీనిలో సరిగ్గా ఏర్పడదు. పెట్రోల్ కోసం చేసిన సీటు మెల్లగా అరుగుతుంది. సీటు అరిగితే వాల్వ్ హెడ్‌లోకి ఇంకాస్త లోతుగా కూర్చుంటుంది, దాని కాడ పైకి పొడుచుకొస్తుంది, గ్యాప్ తగ్గుతుంది. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చే కార్లలో సాధారణంగా గట్టి సీట్లు వేస్తారు. బయట కిట్ వేయించుకున్నవాళ్లు ట్యాపెట్లు క్రమం తప్పకుండా చూపించుకోవాలి. మూడేళ్లలో మేం ఒక్కసారి కూడా చూపించలేదు.

ఇంకో మోసం ఏంటంటే, గ్యాప్ ఎక్కువైతే టకటక శబ్దం వస్తుంది, ఎవరైనా పట్టేస్తారు. తక్కువైతే ఇంజన్ ఇంకా సైలెంట్ అవుతుంది. “మన ఇంజన్ చూడు, ఇంత వయసులోనూ శబ్దం లేదు” అని నాన్న మురిసిపోయేవారు.

ట్యాపెట్ సెట్టింగ్ చేసింది ఆ మెకానికే. రీడింగుల కాగితం చూపిస్తే రెండు నిమిషాలు చూసి, “ముందు ఇదే చూడాల్సింది” అన్నాడు. 900 తీసుకున్నాడు. తర్వాత కొలిస్తే 3వ సిలిండర్ 145, లీక్ 18 శాతం. 170కి 85 శాతం, పాస్. మిస్‌ఫైర్ పోయింది. మిగతా మూడింటితో పూర్తిగా సమానం కాలేదు, ఎందుకంటే సీటు కొంత అరిగే ఉంది. ఇంకో ఏడాదికో రెండేళ్లకో హెడ్ తీసి వాల్వ్ పని చేయించాల్సి రావచ్చు. అప్పుడు కూడా బోరు దాకా పోనక్కర్లేదు.

ఫోన్‌తోనే అయిపోదా?

ఇది చాలామంది అడుగుతారు. ఓబీడీ డాంగిల్ కంప్రెషన్‌ని కొలవలేదు, ఎందుకంటే మామూలు కారు సిలిండర్‌లో ప్రెజర్ సెన్సర్ ఉండదు. క్రాంక్ సెన్సర్‌తో ఇంజన్ వేగంలో వచ్చే చిన్న కుదుపుల్ని చూసి మిస్‌ఫైర్ ఏ సిలిండర్‌దో చెబుతుంది, కారణం చెప్పదు.

ఓసిలోస్కోప్, కరెంట్ క్లాంప్ ఉన్నవాళ్లకి ఒక మంచి షార్ట్‌కట్ ఉంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు ప్రతి కంప్రెషన్‌కీ స్టార్టర్ మోటర్ ఎక్కువ కరెంట్ లాగుతుంది. క్లాంప్‌ని బ్యాటరీ వైరుకి పెడితే స్క్రీన్ మీద కొండల వరుసలా కనిపిస్తుంది. ఒక కొండ పొట్టిగా ఉంటే ఆ సిలిండర్ వీక్. ప్లగ్ ఒక్కటి కూడా తీయక్కర్లేదు. కానీ ఇది పోలిక మాత్రమే, పీఎస్ఐ రాదు, లీక్ దారీ తెలియదు.

కొనాలా, వద్దా?

పాత పెట్రోల్ కారు ఉన్నా, సెకండ్ హ్యాండ్ కారు కొనబోతున్నా కంప్రెషన్ గేజ్ కొనండి. ఒక్కసారి వాడినా డబ్బులు తిరిగొచ్చేస్తాయి. ఎండోస్కోప్ కూడా ఉండటం మంచిది, ఇంట్లో వంద పనులకి వస్తుంది. లీక్ డౌన్ టెస్టర్ మాత్రం అందరికీ అవసరం లేదు. ఒక సిలిండర్ ఫెయిల్ అయ్యాకే దాని పని, అప్పటికి స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు, లేదా అది ఉన్న వర్క్‌షాప్‌ని వెతికి చేయించుకోవచ్చు. కారు వారంటీలో ఉంటే ఇవేవీ ముట్టుకోకండి, సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి.

టెస్ట్ అయ్యాక రీడింగులని తేదీ, కిలోమీటర్లతో సహా ఒక కాగితం మీద రాసి గ్లవ్ బాక్స్‌లో పెట్టుకోండి. ఒకసారి కొలిస్తే ఇవాళ్టి పరిస్థితి తెలుస్తుంది. ఏడాది తర్వాత మళ్లీ కొలిస్తే ఇంజన్ ఎటు వెళ్తోందో తెలుస్తుంది. మా కాగితంలో నెల తర్వాత కొలిచిన లైన్ కూడా ఉంది: 3వ సిలిండర్, 148. ఆ లైన్ నాన్న చేతిరాతలో ఉంది, ఎందుకంటే ఆ రోజు సెల్ఫ్ కొట్టింది నేను, గేజ్ చూసింది ఆయన.